లోపం ఎవరిది? సంతానలేమి ప్రశ్నలకు చరిత్ర ఇచ్చిన సమాధానాలు

పిల్లలు కలుగని స్త్రీని పేర్కొనడానికి తెలుగులో 'గొడ్రాలు' అనే మాట ఉన్నది. సంస్కృతం నుండి తెచ్చుకొన్న 'వంధ్య' కూడ ఉన్నది. అదే స్థితిలో ఉన్న పురుషునికి వాడుకలో అటువంటి మాట లేదు. 'నపుంసకుడు' అనే మాటకు అర్థం వేరు. అది సంభోగశక్తి లేనివానికి చెల్లుతుంది. సంభోగశక్తి సంపూర్ణంగా ఉన్న ఆరోగ్యవంతుని వీర్యంలో సైతం శుక్రకణాలు లేకపోవచ్చుననే ఎరుక ఆ మాటలు పుట్టిన కాలానికి ఎవరికీ లేదు. కంటికి కనబడని దానికి పేరు పెట్టడం సాధ్యం కాదు కదా!

ఆ ఎరుక నేడు ఉన్నది. అయినా మన ఇళ్లలో అలవాటు మాత్రం పాతదే. భార్యకు చేసిన స్కానింగులు, రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు, ఒకటి రెండు ఆపరేషన్ల కాగితాలతో బరువెక్కిన ఫైలు పట్టుకొని దంపతులు వైద్యుని వద్దకు వస్తారు. ఆ ఫైలులో భర్తకు చేసిన పరీక్ష ఒక్కటీ ఉండదు. నా వృత్తి జీవితమంతటా ఈ దృశ్యం చూస్తూనే ఉన్నాను. అందుకే సంతానలేమి గురించి పాఠకులు సాధారణంగా అడిగే ప్రశ్నలను ఈ వ్యాసంలో చరిత్ర క్రమంలో పరిశీలించదలచాను. ఏ సమాధానం ఎప్పుడు, ఎలా తెలిసిందో గ్రహిస్తే, నింద ఎందుకు ఒకరి మీదనే పడుతూ వచ్చిందో బోధపడుతుంది.

సంతానలేమి అని ఎప్పుడు అనాలి?

గర్భనిరోధక సాధనాలేవీ వాడకుండా, క్రమంగా దాంపత్యం సాగిస్తూ పన్నెండు నెలలు గడచినా గర్భం నిలవకపోతే దానిని సంతానలేమిగా పరిగణించి పరీక్షలు ఆరంభించాలి. భార్య వయస్సు 35 దాటితే ఆరు నెలలకే వైద్యుని సంప్రదించాలి. బహిష్టులు క్రమం తప్పినవారు, పూర్వం పొత్తికడుపు ఆపరేషన్లు జరిగినవారు, క్షయవ్యాధి సోకినవారు అంత కాలం కూడ ఆగవలసిన పని లేదు. ఇది అరుదైన కష్టం కాదు. జీవితంలో ఏదో ఒక దశలో దాదాపు ఆరుగురిలో ఒకరు సంతానలేమిని ఎదుర్కొంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది.

పూర్వులు ఏమనుకొన్నారు?

మన పురాణగాథలు ఈ విషయంలో లోకం కన్న ఉదారంగా ఉన్నాయి. దశరథునికి ముగ్గురు భార్యలుండి కుమారులు కలగకపోతే పుత్రకామేష్టి చేసినది దశరథుడే. రాణులను ఎవరూ నిందించలేదు. మహాభారతంలో విచిత్రవీర్యుడు సంతానం లేకుండ మరణించగా వంశం నిలపడానికి వ్యాసుని పిలిపించారు. పాండురాజు శాపవశాన సంతానం కనలేని స్థితిలో ఉన్నాడని కథ దాచకుండానే చెబుతుంది.

ధర్మశాస్త్రాల దృష్టి మాత్రం వేరు. సంతానం లేని భార్య ఉండగా ఎనిమిదవ ఏట మరొక భార్యను తెచ్చుకోవచ్చునని మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయం అనుమతిస్తుంది. భర్తలోనే లోపం ఉంటే ఆ రెండవ భార్య గతి ఏమిటన్నది ఎవరూ ఆలోచించలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం వచ్చే వరకు ఎన్నో తెలుగు కుటుంబాలలో 'పిల్లలు లేరు' అన్న ఒక్క మాట సవతిని తేవడానికి చాలినంత కారణమయింది. రావిచెట్టుకు ప్రదక్షిణం చేసి కడుపు తడిమి చూసుకొన్నదన్న సామెతలో హాస్యం ఉన్నది. కాని ఆ చెట్టు చుట్టూ తిరిగినది ఎల్లప్పుడూ స్త్రీయే.

ఇతర దేశాల వైద్యులూ ఇదే దారిలో నడిచారు. ప్రాచీన గ్రీకు వైద్యంలో ఒక పరీక్ష ఉండేది. స్త్రీని బట్టలతో కప్పి క్రిందినుండి సుగంధ ధూపం వేసేవారు. ఆ వాసన ఆమె నోటికి, ముక్కుకు చేరితే శరీరంలోని మార్గాలు తెరచి ఉన్నట్లు, చేరకపోతే మూసుకొన్నట్లు భావించేవారు. వెల్లుల్లి రేకతో ఇటువంటి పరీక్షే మరొకటి ఉండేది. ఇటువంటి పరీక్షలకు గురి అయినది స్త్రీ శరీరమే.

పురుషుని పాత్ర ఎప్పుడు కనబడింది?

1677లో హాలండు దేశపు డెల్ఫ్ట్ నగరంలో ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి తాను స్వయంగా అరగదీసిన కటకంతో వీర్యబిందువును చూశాడు. దానిలో తోకలతో ఈదుతున్న లెక్కలేనన్ని సూక్ష్మజీవుల వంటి ఆకారాలు కనబడ్డాయి. ఆ విషయాన్ని లండనులోని రాయల్ సొసైటీకి ఎంతో సంకోచిస్తూ వ్రాశాడు.

ఇంత గొప్ప ఆవిష్కరణ జరిగినా నింద దిశ మారలేదు. కొందరు పండితులు శుక్రకణంలోనే శిశువు సంపూర్ణ రూపంలో ముడుచుకొని ఉంటుందని, స్త్రీ కేవలం పొలం వంటిదని వాదించారు. విత్తనం ఎప్పుడూ మంచిదే, పొలమే చౌడుదన్న భావనకు ఈ వాదం మరింత బలమిచ్చింది. క్షీరదాల అండాన్ని 1827లో కార్ల్ ఎర్నెస్ట్ వాన్ బేయర్ కుక్క అండాశయంలో కనుగొన్నాడు. శుక్రకణం అండంలో ప్రవేశించి, రెండింటి కేంద్రకాలు ఏకమవడాన్ని 1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్ సముద్రపు అర్చిన్ల గ్రుడ్లలో గమనించాడు. అంటే స్త్రీపురుషులిద్దరూ శిశువునకు సమాన భాగస్వాములనే సత్యం నిర్ధారణ అయి నేటికి నూట యాభై ఏళ్లే.

తెలిసిన తరువాత వైద్యులు ఎలా ప్రవర్తించారు?

1884లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో జరిగిన ఒక సంఘటన ఈ ప్రశ్నకు సమాధానం. పిల్లలు లేని ఒక వ్యాపారి, అతని భార్య విలియం పాన్‌కోస్ట్ అనే వైద్యాచార్యుని ఆశ్రయించారు. ఆయన మొదట భార్యను పలుమార్లు, క్షుణ్ణంగా పరీక్షించాడు. ఆమెలో ఏ లోపమూ కనబడలేదు. అటుపిమ్మట భర్త వీర్యాన్ని సూక్ష్మదర్శినితో చూస్తే శుక్రకణాలే లేవు. యౌవనంలో సోకిన గనేరియా వ్యాధి వాటి మార్గాన్ని మూసివేసింది.

అప్పుడు ఆచార్యుడు ఏమి చేశాడు? మరొక పరీక్ష నెపంతో ఆమెను పిలిపించి, క్లోరోఫాం ఇచ్చి, స్పృహలో లేని సమయంలో ఒక వైద్యవిద్యార్థి వీర్యాన్ని గర్భాశయంలోనికి పంపాడు. ఆమె గర్భవతి అయి కుమారుని కన్నది. భర్తకు తరువాత చెప్పారు. ఆమెకు చెప్పవద్దని అతడు కోరాడు. ఆమెకు ఎన్నడూ తెలియలేదు. ఆనాడు అక్కడ ఉన్న విద్యార్థులలో ఒకడు 1909లో ఒక వైద్యపత్రికకు వ్రాసిన లేఖ వలన ఈ విషయం లోకానికి వెల్లడి అయింది.

పాఠకులు ఇక్కడ ఒక క్షణం ఆగి ఆలోచించవలసి ఉన్నది. లోపం భర్తదని రుజువైన తరువాత కూడ ఆ సత్యాన్ని ఆమెనుండి దాచారు. ఆమె శరీరాన్ని ఆమె అనుమతి లేకుండ వాడుకొన్నారు. నేటి చట్టాలు వ్రాతపూర్వక సమ్మతిపై అంత పట్టుదల చూపడానికి వెనుక ఇటువంటి చరిత్ర ఉన్నది.

వీర్యంలో శుక్రకణాల సంఖ్యను లెక్కించి దానిని సంతానలేమితో ముడిపెట్టిన అధ్యయనాన్ని మకోంబర్, సాండర్స్ అనే అమెరికన్ వైద్యులు 1929లో ప్రచురించారు. ఆ పరీక్ష చేయవలసిన తీరును ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో గ్రంథరూపంలో నిర్దేశించింది. 2021లో వచ్చిన ఆరవ ముద్రణ ప్రకారం మిల్లీలీటరుకు 16 మిలియన్లు, అంటే ఒక కోటి అరవై లక్షల శుక్రకణాలు ఉండడాన్ని కనిష్ఠ ప్రమాణంగా తీసుకొంటారు. ఇంతకన్న తగ్గినంత మాత్రాన పిల్లలు పుట్టరని అర్థం కాదు. ఒక్క పరీక్షతో తీర్మానం చేయరాదు. రెండు నుండి ఏడు రోజుల బ్రహ్మచర్యం పాటించి నమూనా ఇవ్వాలి. తేడా కనబడితే కొన్ని వారాల తరువాత మరల పరీక్షించాలి.

ఏ రోజులలో గర్భం నిలుస్తుంది?

పందొమ్మిదవ శతాబ్దంలో వైద్యులు పశువుల ఎదకాలాన్ని స్త్రీల బహిష్టుతో పోల్చి, అండం ఆ రోజులలోనే విడుదలవుతుందని భావించారు. కనుక రెండు బహిష్టుల నడిమి కాలంలో గర్భం రాదని సలహా ఇచ్చేవారు. ఇది సత్యానికి సరిగ్గా వ్యతిరేకం. ఆ సలహా పాటించి బిడ్డ కోసం ఎదురుచూసిన దంపతులు ఎందరో ఊహించుకోండి.

ఈ పొరపాటును 1920లలో జపానుకు చెందిన క్యూసాకు ఒగినో, ఆస్ట్రియాకు చెందిన హెర్మన్ క్నాస్ వేరువేరుగా సరిదిద్దారు. తరువాతి బహిష్టుకు సుమారు రెండు వారాల ముందు అండం విడుదలవుతుందని వారు నిరూపించారు. అండం దాదాపు ఒక్క రోజు మాత్రమే జీవిస్తుంది. శుక్రకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల వరకు నిలవగలవు. కాబట్టి అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు అనుకూల కాలం. 28 రోజుల ఋతుచక్రం కలవారికి ఇది సుమారుగా తొమ్మిదవ రోజు నుండి పదునాలుగవ రోజు వరకు. చక్రం 35 రోజులదైతే ఆ కాలం వారం రోజులు వెనుకకు జరుగుతుంది. ఉద్యోగరీత్యా వేరువేరు ఊళ్లలో ఉంటూ నెలకొకసారి కలుసుకొనే దంపతులకు ఈ ఒక్క విషయం తెలిస్తే చాలు, కొన్నిసార్లు మందుల అవసరమే రాదు.

అండం విడుదల కాకపోతే, నాళాలు మూసుకొంటే?

అండం విడుదలకు తోడ్పడే క్లోమిఫీన్ మాత్ర గురించిన తొలి ఫలితాలు 1961లో వెలువడ్డాయి. పి.సి.ఓ.ఎస్. ఉన్న స్త్రీలకు నేడు ఎక్కువగా లెట్రోజోల్ ఇస్తున్నారు. మాత్రలకు లొంగని వారికి ఇచ్చే హార్మోను ఇంజక్షన్ల కథ ఆసక్తికరమైనది. ముట్లుడిగిన స్త్రీల మూత్రంలో అండాశయాన్ని ప్రేరేపించే హార్మోనులు పుష్కలంగా ఉంటాయి. ఇటలీలోని క్రైస్తవ మఠాలలో నివసించే వృద్ధ సన్యాసినుల మూత్రాన్ని సేకరించి దానినుండి ఆ మందు తీశారు. దాని సహాయంతో తొలి శిశువు 1962లో ఇజ్రాయేలులో జన్మించింది. సంతానాన్ని త్యజించిన స్త్రీల వలన సంతానం కోరిన స్త్రీలకు మేలు కలిగింది.

అండవాహికలు తెరచి ఉన్నాయో లేదో తెలుసుకొనే పరీక్షను న్యూయార్కు వైద్యుడు ఇసిడోర్ రూబిన్ 1920 ప్రాంతంలో ప్రవేశపెట్టాడు. నేడు దాని స్థానంలో రంగుమందు పంపి తీసే ఎక్స్‌రే పరీక్ష, హెచ్.ఎస్.జి., వాడుకలో ఉన్నది. మన దేశంలో నాళాలు మూసుకొనడానికి జననాంగాల క్షయవ్యాధి ఒక ముఖ్య కారణం. దగ్గు, జ్వరం లేకుండానే అది లోలోపల వ్యాపించగలదు.

టెస్ట్ ట్యూబ్ శిశువు అంటే ఏమిటి?

మూసుకొన్న నాళాలను దాటిపోవడానికి పుట్టిన పద్ధతి ఐ.వి.ఎఫ్. ఇంగ్లండులో రాబర్ట్ ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త, పాట్రిక్ స్టెప్టో అనే శస్త్రవైద్యుడు, జీన్ పర్డీ అనే నర్సు దాదాపు పదేళ్లు విఫలయత్నాలు చేసిన పిమ్మట 1978 జూలై 25న ఓల్డ్‌హామ్ ఆసుపత్రిలో లూయీ బ్రౌన్ జన్మించింది. ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ బహుమానం లభించింది. అప్పటికి మిగిలిన ఇద్దరూ జీవించి లేరు. అండాన్ని బయటకు తీసి, పాత్రలో శుక్రకణాలతో కలిపి, ఏర్పడిన పిండాన్ని గర్భాశయంలో ఉంచడమే ఈ పద్ధతి. శిశువు తక్కిన కాలమంతా తల్లి గర్భంలోనే పెరుగుతుంది.

సరిగ్గా పది వారాల తరువాత, 1978 అక్టోబరు 3న, కలకత్తాలో మరొక ఆడశిశువు జన్మించింది. దుర్గాపూజల రోజులు కనుక ఆమె 'దుర్గ' పేరుతో ప్రసిద్ధి పొందింది. ఆ ప్రయోగం చేసినవారు డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ, ఆయన సహచరులు సునీత్ ముఖర్జీ, సరోజ్ కాంతి భట్టాచార్య. ఇంగ్లండు బృందం తొలి విజయంలో మందులు లేకుండ సహజంగా ఎదిగిన ఒక్క అండాన్నే వాడింది. సుభాష్ హార్మోను ఇంజక్షన్లతో పలు అండాలను ఎదిగించి, యోనిమార్గాన వాటిని సేకరించి, పిండాన్ని ఘనీభవింపజేసి భద్రపరచి, మరొక ఋతుచక్రంలో గర్భాశయంలో ఉంచారు. నేటి కేంద్రాలలో నిత్యకృత్యమైన పద్ధతులకు ఇవి ఎంతో దగ్గరివి.

ఆయనకు దక్కినది అవమానం. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం ఆయన చెప్పినది నమ్మలేదు. జపానులో జరిగే సదస్సుకు వెళ్లడానికి అనుమతి ఇవ్వలేదు. చివరకు హార్మోనుల పరిశోధకుని నేత్రవైద్య సంస్థకు బదిలీ చేశారు. 1981 జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసుకొన్నారు. 1986 ఆగస్టు 6న బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో డాక్టర్ ఇందిరా హిందుజా, డాక్టర్ టి.సి. ఆనంద్ కుమార్‌ల కృషితో పుట్టిన శిశువు భారతదేశపు తొలి టెస్ట్ ట్యూబ్ శిశువుగా నమోదయింది. తరువాత ఆనంద్ కుమార్ సుభాష్ కాగితాలను స్వయంగా పరిశీలించి, ఆ ఘనత తనది కాదని, సుభాష్‌దేనని 1997లో 'కరెంట్ సైన్స్' పత్రికలో వ్రాశారు. తన పేరిట ఉన్న కీర్తిని తానే మరొకరికి అప్పగించిన ఇటువంటి శాస్త్రవేత్తలు అరుదు.

భర్తలో లోపం ఉంటే చికిత్స ఉన్నదా?

ఉన్నది, కాని అది అన్నిటికన్న ఆలస్యంగా వచ్చింది. శుక్రకణాలు మరీ తక్కువగా ఉంటే 1990 వరకు దాత వీర్యం తప్ప ఆధారం ఉండేది కాదు. బ్రస్సెల్స్‌లో జియాన్‌పియెరో పలెర్మో, ఆయన సహచరులు ఒకే ఒక్క శుక్రకణాన్ని సన్నని గాజుసూదితో అండంలోనికి పంపే పద్ధతిని 1992లో ప్రకటించారు. అదే 'ఇక్సీ'. వీర్యంలో కణాలు లేకపోయినా వృషణం నుండి నేరుగా తీసి వాడగలిగే స్థితి దానితో ఏర్పడింది.

అయితే ఒక విషయం గమనించండి. లోపం భర్తదైనా ఇక్సీలో హార్మోను ఇంజక్షన్లు తీసుకొనేది, మత్తులో అండాలు తీయించుకొనేది, ఆ చికిత్స వలన కలిగే ప్రమాదాలను భరించేది భార్యే. కనుక ముందుగా భర్తలో సరిదిద్దదగిన కారణాలను వెదకాలి. వెరికోసీల్, హార్మోనుల లోపాలు, పొగాకు, మద్యం, అధిక వేడిలో పని మొదలైనవి చూడాలి. కండలు పెంచడానికి వ్యాయామశాలలలో తీసుకొనే టెస్టోస్టిరాన్, స్టెరాయిడ్ ఇంజక్షన్లు శుక్రకణాల ఉత్పత్తిని ఆపివేయగలవు. మగతనం పెంచే మందని నమ్మి తీసుకొన్నదే పితృత్వాన్ని దూరం చేస్తున్నది! ఒక శుక్రకణం తయారుకావడానికి రెండున్నర నెలలు పడుతుంది కనుక, మార్పు కనబడడానికి కనీసం మూడు నెలలు వేచి ఉండాలి.

ఐ.వి.ఎఫ్. చేయిస్తే తప్పక పుడతారా? ఏ వయస్సులోనైనా చేయించవచ్చునా?

తప్పక అని ఎవరైనా హామీ ఇస్తే అక్కడినుండి లేచి రావడం మంచిది. స్త్రీ అండాలు ఆమె పుట్టకముందే ఏర్పడతాయి. వయస్సుతో పాటు వాటి సంఖ్య, నాణ్యత తగ్గుతాయి. దీనిని ఐ.వి.ఎఫ్. వెనుకకు త్రిప్పలేదు. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై ఏళ్లు దాటిన మహిళ కవలలను కన్న వార్త మీకు గుర్తుండవచ్చు. అది దాత అండంతో సాధ్యమైనది. వయస్సుకు అడ్డులేదన్న భ్రమ దాని వలన కలగరాదు.

2022 జనవరి 25 నుండి అమలులోనికి వచ్చిన సహాయక సంతానోత్పత్తి చట్టం ఈ చికిత్సకు స్త్రీలకు 21 నుండి 50, పురుషులకు 21 నుండి 55 ఏళ్ల పరిమితి విధించింది. కేంద్రం నమోదై ఉండాలి. సంబంధితులందరి వ్రాతపూర్వక సమ్మతి తప్పనిసరి. దాత అండంతోనో వీర్యంతోనో పుట్టిన బిడ్డకు సొంత బిడ్డకు ఉండే హక్కులన్నీ ఉంటాయి. వ్యాపారపరమైన అద్దెగర్భం నిషిద్ధం. ఆడ, మగ ఎంపిక ఎక్కడైనా నేరమే. ఇవేవీ వద్దనుకొన్నవారికి దత్తత ఉన్నది. 1956 నాటి చట్టం ఆడపిల్లలను కూడ దత్తత తీసుకొనే హక్కును హిందువులకు కల్పించింది.

మీరు ముందుగా చేయవలసినది

దంపతులిద్దరూ కలిసి వైద్యుని వద్దకు వెళ్లండి. మొదటి రోజునే భర్తకు వీర్యపరీక్ష వ్రాయమని అడగండి. అందులో సూది లేదు, మత్తు లేదు, ఖర్చు స్వల్పం. భార్యకు థైరాయిడ్ తదితర రక్తపరీక్షలు, స్కానింగు, అవసరమైతే హెచ్.ఎస్.జి. చేయించవచ్చు. ఐ.యు.ఐ., ఐ.వి.ఎఫ్. వంటివి కారణం తెలిసిన తరువాతి మాట. సంతానం కలుగని జంటలలో దాదాపు సగం మందిలో పురుషుని వైపు కూడ కారణం ఉంటుందని గుర్తుంచుకోండి.

అత్తమామలకు, తల్లిదండ్రులకు ఒక మనవి. కోడలిని శుభకార్యాలకు దూరంగా నిలబెట్టే ముందు, కుమారుని పరీక్ష ఫలితం చూశారా అని మిమ్ములను మీరు ప్రశ్నించుకోండి. చూచిన తరువాత కూడ నింద ఎవరికీ వద్దు. మూసుకొన్న నాళం గాని, తగ్గిన శుక్రకణం గాని ఎవరి తప్పూ కాదు. వీర్యబిందువును సూక్ష్మదర్శినితో మొదట చూచి మూడున్నర శతాబ్దాలు కావస్తున్నది. మన ఇళ్లలో ఆ పరీక్ష ఇంకా చివరి వరుసలో నిలబడి ఉండడానికి కారణం శాస్త్రం కాదు.